టవర్ చుట్టూ అరగంట

ఫిబ్రవరి 11

అక్కకి,

నేను బాగానే ఉన్నాను. నువ్వు, నా మేనకోడలు పిచ్చుక, మీ అత్తయ్యగారు కులాసా అనుకుంటాను. ఉత్తరం రాయడం లేదని నువ్వు తిట్టే తిట్లు ఇక్కడిదాకా వినబడుతున్నాయి కాబట్టి ఈసారి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

విశేషం ఏమిటంటే, మా కళ్ళద్దాల షాపు ఓనరు మనసు ఎందుకో మెత్తబడింది. పోయిన ఆదివారం మా ఎనిమిది మందినీ వ్యాన్ ఎక్కించి టవర్ చూపించడానికి తీసుకెళ్ళాడు. పిచ్చుక నోటు పుస్తకం అట్ట మీద ఉంటుందే, ఆ టవరే. మా ఊరికి మూడు గంటల దూరం. ఇంకో గంటలో చేరతామనగా కనబడటం మొదలెట్టింది. ముందు సూదిలా, తర్వాత పెన్సిల్లా. తీరా దాని కాళ్ళ దగ్గర నిలబడితే టవర్ కనబడదు, ఎంత మెడ ఎత్తినా అద్దాలే. మా షాపులో లెన్సులు కోసేవాడు అలా పైకి చూస్తూ చూస్తూ వెనక్కి నడిచి, ఫౌంటెన్ గట్టు తగిలి నీళ్ళలో కూర్చున్నాడు. ఫొటోలో నా పక్కన చారల చొక్కా వాడే. ప్యాంటు రెండు రంగుల్లో ఉన్నది అందుకే.

నూట పన్నెండో అంతస్తుకి లిఫ్టులో నిమిషం కూడా పట్టలేదు. చెవులు టప్‌మన్నాయి. పైన చుట్టూరా అద్దాల గోడ. కింద రోడ్లు దారప్పోగుల్లా ఉన్నాయి. మమ్మల్ని అంత దూరం తీసుకొచ్చిన ఓనరు మాత్రం కళ్ళు మూసుకుని స్తంభాన్ని వాటేసుకుని, "చూశాను, చూశాను, ఇక పదండి" అన్నాడు.

కింద చూడాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి. ఫౌంటెన్, నెత్తి మీద చేపలు ఈదే అద్దాల సొరంగం, గులాబీ తోట, పాత బజారు వీధి. నడవలేనివాళ్ళ కోసం ఓ చిన్న తెల్ల బండి ఉంది. పక్కలకి తలుపులుండవు, ఆరు వరసల బెంచీలు. టవర్ దగ్గర ఎక్కించుకుని అరగంటలో అన్నీ చుట్టి మళ్ళీ అక్కడే దింపుతుంది. మాకు ఎక్కే టైం లేక దాని ముందు నిలబడి ఫొటో దిగాం. పంపిస్తున్నాను.

వేసవి సెలవుల్లో రండి. అన్నీ దగ్గరుండి చూపిస్తాను.

నీ తమ్ముడు,
చంటి


ఫిబ్రవరి 19

చంటీ,

నీ ఉత్తరం చదివి వినిపిస్తే, మీ ఓనరు స్తంభం దగ్గరికి వచ్చేసరికి అత్తయ్య కూడా నవ్వారు. పిచ్చుక ఉత్తరాన్ని బడికి పట్టుకెళ్ళి అందరికీ చూపించింది.

ఇక ఇప్పుడు రాసేది నీకొక్కడికే.

ఫొటోలో మీ వెనక బండి ఉంది కదా. డ్రైవరు సీట్లో మనిషి ఉన్నాడు. టోపీ పెట్టుకున్నాడు, మొహం సగమే పడింది. ఎడమ భుజం కిందికి జారి ఉంది. కుడి చెయ్యి మెడ వెనక్కి పెట్టుకుని కూర్చున్నాడు. ప్రెస్సులో పొద్దస్తమానం పుస్తకాలకి అట్టలు కట్టేదాన్ని, వెంట్రుకవాసి వంకరున్నా నా కంటికి దొరుకుతుంది. ఆ భుజం మీ బావదిరా.

ఆరేళ్ళయింది, క్యారేజీ పట్టుకుని రోజూలాగే గోడౌన్ పనికని వెళ్ళి. ఆ గోడౌన్ మూసేసి అప్పటికే రెండు నెలలైందని మనకి తర్వాత గదా తెలిసింది. నువ్వు ఎన్ని ఆస్పత్రులు తిరిగావో, ఎన్ని స్టేషన్లలో నిలబడ్డావో నేను మర్చిపోలేదు. ఇంకొక్కసారి వెళ్ళు.

ఫోన్ చెయ్యకు. ఫోను హాల్లో ఉంది, హాల్లో అత్తయ్య ఉంటారు. అవతలివాళ్ళ మాట కూడా ఆవిడకి వినబడుతుంది. ఆవిడకి లేనిపోని ఆశ పెట్టలేను.

అక్క


మార్చి 3

అక్కా,

నీ ఉత్తరం షాపులోనే చదివాను. పవర్ చూసే పెద్ద భూతద్దం కింద ఫొటో పెట్టి చూశాను. అందులో ఆ మొహం ఆవగింజంత ఉంది. కాస్త ముక్కు, ఒక చెవి. ఎవరైనా కావచ్చు.

అయినా మొన్న ఆదివారం వెళ్ళాను. బండి మీద ఎవరో లావుపాటి మనిషి ఉన్నాడు. అడిగితే, డ్రైవర్లు నలుగురు, వంతుల మీద నడుపుతాం అన్నాడు. పేరు చెప్పి అడిగాను. ఆ పేరుతో ఎవరూ లేరన్నాడు. సాయంత్రం దాకా ఉండి వచ్చేశాను.

నువ్వు ఏమీ అనుకోనంటే ఒక మాట. దగ్గర చూపు పని చేసేవాళ్ళకి నలభై దగ్గర పడేసరికి కళ్ళు మోసం చేస్తాయి. రోజూ షాపులో చూస్తున్నదే. ఒకసారి కళ్ళు చూపించుకో.

చంటి


మార్చి 12

చిరంజీవి కళ్ళ డాక్టరుగారికి,

నా కళ్ళు బాగానే ఉన్నాయి. ఊళ్ళోవాళ్ళందరి కళ్ళూ చూసుకో, నావి వదిలెయ్. పదేళ్ళు పక్కన కూర్చుని అన్నం తిన్న మనిషి భుజం గుర్తుపట్టడానికి అద్దాలు అక్కర్లేదు. పిచ్చిదాన్నైపోయానని అనాలనుంటే తిన్నగా అను, వయసు మీద పెట్టకు.

ఇక్కడ ఇంకో తంటా వచ్చిపడింది. ఫొటో నా దిండు కింద అత్తయ్యకి దొరికింది. మూడో రోజు కూరలు తరుగుతూ, "ఎవరమ్మా ఆ చారల చొక్కా అబ్బాయి?" అన్నారు. తమ్ముడి షాపులో పనిచేస్తాడని చెప్పాను. "నెమ్మదస్తుడిలా ఉన్నాడు" అన్నారు. నాకు అర్థం కాలేదు. ఆవిడ కత్తిపీట పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకుని, "నాకోసం ఆగకు. ఆరేళ్ళు ఆగావు, చాలు. పిచ్చుకని నేను చూసుకుంటాను. నా కొడుకు చేసిన పనికి నువ్వెందుకు ఇలా ఉండిపోవాలి?" అన్నారు.

ఏం చెప్పమంటావు? చూస్తున్నది ఆ అబ్బాయిని కాదు, మీ కొడుకునే అని ఎలా చెప్పను? నోరు తెరిచి మూశాను. ఆవిడ దాన్ని సిగ్గనుకున్నారు. నిన్నటి నుంచి నాకేసి జాలిగా, ప్రేమగా చూస్తున్నారు. నేల చీలితే బాగుండనిపిస్తోంది.

నువ్వు మళ్ళీ వెళ్ళాలి.

అక్క


మార్చి 26

అక్కా,

కోపం తగ్గిందా? ముందు ఒక సంగతి. చారల చొక్కా వాడికి పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. అత్తయ్యగారికి ఈ మాట నువ్వే ఎలాగో చెప్పు.

సెలవు పెట్టి మళ్ళీ వెళ్ళాను. ఫొటోలో ఉన్న డ్రైవరు దొరికాడు. అతను బావ కాదు. దూరం నుంచి భుజం అలాగే ఉంటుంది, నీ తప్పేం లేదు. బండి కూడా ఎక్కి చూశాను. అతను మైకులో టవర్ సంగతులన్నీ చెబుతూ నడుపుతాడు, జనం నవ్వుతూనే ఉంటారు. మన బావకి అన్ని మాటలెక్కడివి? తర్వాత కాసేపు మాట్లాడాను కూడా. ఆయనకి ఎవరూ లేరట. ఇద్దరు డ్రైవర్లతో కలిసి ఒక గదిలో ఉంటారు. మధ్యాహ్నం బ్రెడ్డు ముక్క తప్ప ఏమీ తినరు. దగ్గు కూడా ఉంది ఆయనకి.

ఇక ఆ ఫొటో చించెయ్యక్కా. నా మాట విను.

చంటి


మార్చి 31

చంటీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను.

మొదట్లో "అతను" అని రాశావు. బండి దిగి మాట్లాడాక "ఆయన" అయ్యాడు. "ఉంటారు", "తినరు". జీతమిచ్చే ఓనర్నే "వాడు వీడు" అనే నువ్వు, ముక్కూ మొహం తెలియని డ్రైవర్ని "ఆయన" అన్నావు. అతనికి దగ్గుందని నాకెందుకు రాశావు?

నీకు అబద్ధం ఎప్పుడు చేతనైంది గనక?

చెప్పు. ఎంత కష్టమైనదైనా చెప్పు. ఇంకో పెళ్ళి చేసుకున్నా చెప్పు.

అక్క


ఏప్రిల్ 6

అక్కా,

నన్ను క్షమించు. ఆయన బావే.

ఆ రోజు వెనక బెంచీలో కూర్చున్నాను. మైకులో గొంతు వినగానే గుర్తుపట్టాను. ఉప్పు కావాలన్నా చేత్తో చూపించే మనిషి గదా మనింట్లో. అక్కడేమో, "ఈ టవర్ అద్దాలన్నీ తుడవడానికి మూడు నెలలు పడుతుందండీ. ఆఖరిది తుడిచేసరికి మొదటిది మళ్ళీ మురికి పడుతుంది. ఆ తుడిచేవాళ్ళకీ మా ఆవిడకీ పెద్ద తేడా లేదు" అంటున్నారు. జనం పగలబడి నవ్వుతున్నారు. మా ఆవిడ అన్నది నీ గురించో, ఊరికే హాస్యానికో నాకు తెలియలేదు.

మొదటి చుట్టు తిరిగి దిగాల్సినచోట దిగలేకపోయాను. రెండో చుట్టులో అద్దంలోంచి నన్ను చూశారు. మైకు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది. మూడో చుట్టు అయ్యాక అందరూ దిగారు. నేనూ ఆయనా మిగిలాం.

"లావయ్యావురా చంటీ" అన్నారు.

కొడదామనుకునే వెళ్ళానక్కా. చెయ్యి లేవలేదు. "ఎందుకిలా చేశారు బావా?" అని అడిగాను.

స్టీరింగు మీదే చూపు పెట్టి చెప్పారు. "పని పోయిన రోజే ఇంటికొచ్చి చెప్పేస్తే ఒక్క మాటతో పోయేది. ఆ పూట చెప్పలేకపోయాను. మర్నాడు చెప్పాలంటే, నిన్న ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాలి. అలా రెండు నెలలు క్యారేజీ పట్టుకుని స్టేషన్లో కూర్చున్నాను. ఒకరోజు ఎదురుగా ఆగిన రైలెక్కాను, సాయంత్రానికి తిరిగొచ్చేద్దామనే. రాలేదు. ఇప్పుడు వస్తే ఆరేళ్ళకీ చెప్పాలి. ఏం చెప్పను?"

"ఏమీ చెప్పొద్దు, రండి చాలు" అన్నాను. తల అడ్డంగా ఊపారు. పాప ఎలా ఉందని అడిగారు. మూడో తరగతి దాటిందంటే, "అప్పుడేనా" అన్నారు. వాళ్ళమ్మగారి గురించి అడగబోయి ఆగిపోయారు. "చూశానని చెప్పకు. నీ కాళ్ళు పట్టుకుంటాను" అంటూ నిజంగానే వంగబోయారు. నేను పరిగెత్తినట్టు వచ్చేశాను. అక్కడ వేరే పేరు చెప్పుకున్నారు. వేరే పెళ్ళి మాత్రం లేదు, ఏమీ లేదు. ఉంటే బాగుండేది. తిట్టడానికి ఏదో ఒకటి దొరికేది.

చంటి


ఏప్రిల్ 14

చంటీ,

నువ్వు అబద్ధం ఎందుకు చెప్పావో అర్థమైంది. కోపం లేదు. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో కూడా తెలియడం లేదు. రెండు నెలల పాటు పొద్దున్నే లేచి ఆ క్యారేజీ సర్దింది నేనే గదా. ఒక్కరోజైనా ఆయన మొహంలోకి చూసి ఉంటే తెలిసేది. టిఫిన్ గిన్నె మూత సరిగ్గా పడిందా లేదా అనే చూశాను.

మే ఎనిమిదిన మేం టవర్ చూడటానికి వస్తున్నాం. నేను, అత్తయ్య, పిచ్చుక. అత్తయ్యకి ఏమీ చెప్పలేదు. పాపకి సెలవులు, టవర్ చూపిస్తానన్నాను. చారల చొక్కా వాణ్ణి చూపించడానికే తీసుకెళుతున్నాననుకుని ఆవిడ మంచి బట్టలు తీసి గాలికి ఆరబెట్టుకున్నారు. అతనికి పెళ్ళయిందని చెబితే, "పోనీలే, నీ తమ్ముడు ఇంకెవరినైనా చూస్తాడులే" అన్నారు.

నువ్వు రావద్దు. నువ్వుంటే నా మొహంలో ఏదీ దాగదు. మీ బావకి చెప్పకు కూడా. చెబితే ఆ రోజు ఉండరు.

అక్క


ఏప్రిల్ 27

అక్కా,

రావద్దన్నావు, రాను. చెప్పొద్దన్నావు, కానీ చెప్పేశాను.

నాలుగు రోజులు ఆలోచించాను. చెప్పకపోతే, హఠాత్తుగా తల్లినీ కూతుర్నీ ఎదురుగా చూసి చేతిలో స్టీరింగు ఉన్న మనిషి ఏమైపోతాడోనని భయమేసింది. చెబితే పారిపోతారేమోనని ఇంకో భయం. వెళ్ళి స్టాపులో నిలబడి బండి రెండుసార్లు వచ్చినా వదిలేశాను. మూడోసారి వచ్చాక దగ్గరికెళ్ళి, "మే ఎనిమిది. ముగ్గురూ వస్తున్నారు" అన్నాను. ఆయన ముందుకే చూస్తూ బండి స్టార్ట్ చేశారు.

నేను చేసింది తప్పో ఒప్పో నాకు తెలియదు. ఆ రోజుకి ఉంటారో, ఆ ఊరే వదిలేస్తారో అదీ తెలియదు. నా మూలంగా మళ్ళీ మాయమైతే నీకు నా మొహం చూపించలేను. ఇంకా ఏం రాయాలో తోచడం లేదు. అత్తయ్యగారికి లిఫ్టులో చెవులు మూసుకుపోతే గుటక వెయ్యమను.

చంటి


మే 10

చంటీ,

నిన్న సాయంత్రం ఇల్లు చేరాం. నువ్వు ఉత్తరం కోసం గుమ్మంలో నిలబడి ఉంటావని తెలుసు. తెచ్చిన సంచులు కూడా విప్పకుండా రాస్తున్నాను.

పొద్దున్నే టవర్ ఎక్కాం. లిఫ్టులో పిచ్చుక అంకెలు గట్టిగా చదువుతుంటే జనం నవ్వారు. పైన అత్తయ్య ముందు అద్దం దగ్గరికి రానన్నారు. వచ్చాక కదల్లేదు. "ఇంత పైనుంచి చూస్తే కింద ఎవరు ఎవరో ఏం తెలుస్తుందమ్మా" అన్నారు. నేను బండి కోసం వెతికాను. చాలాసేపటికి దొరికింది, తెల్లగా, బియ్యపుగింజంత. ఫౌంటెన్ దాటి, తోట చుట్టి, బజారు వీధిలో మాయమై మళ్ళీ వచ్చింది. అది రెండుసార్లు తిరిగేదాకా చూస్తూనే నిలబడ్డాను. నడుపుతున్నది ఎవరో అక్కణ్ణుంచి తెలియదు.

తర్వాత చేపల సొరంగం చూశామంటోంది పిచ్చుక. నాకు ఒక్క చేపా గుర్తులేదు.

సాయంత్రం నాలుగింటికి స్టాపు దగ్గర నిలబడ్డాం. బండి వచ్చింది. ఆయనే. గడ్డం నున్నగా గీసుకుని, చొక్కా మడత నలగకుండా ఉన్నారు. నా వైపు చూడలేదు. నేను, అత్తయ్య మూడో వరసలో కూర్చున్నాం. పిచ్చుక మాత్రం నా చెయ్యి విదిలించుకుని పరిగెత్తుకెళ్ళి డ్రైవరు పక్క సీటెక్కింది. "గట్టిగా పట్టుకోమ్మా" అన్నారు ఆయన. అది మైకులో వినబడింది.

నువ్వు రాసినట్టే మొదలెట్టారు. అద్దాల సంగతి, ఫౌంటెన్ సంగతి. "మా ఆవిడ" హాస్యం మాత్రం చెప్పలేదు. చేపల సొరంగం మలుపు దగ్గర మన పిల్ల అడిగింది:

"మీరు పైకెక్కారా?"

"లేదమ్మా."

"రోజూ ఇక్కడే ఉండి కూడానా?"

"కింద పనుంది గదమ్మా."

"అయితే నేను చెప్తాను, వినండి" అని మొదలెట్టింది. లిఫ్టు, చెవులు, దారాల్లాంటి రోడ్లు, నానమ్మ అద్దం దగ్గరికి రానని మారాం చెయ్యడం, అమ్మ ఎవరు పిలిచినా పలక్కుండా కిందికే చూస్తూ నిలబడటం, అన్నీ. మైకు దగ్గరే ఉంది కదా, బండంతా విన్నది. ఆయన "ఊఁ" కొట్టడం కూడా మానేశారు. వెనకనుంచి ఎవరో, "ఏమండీ, ఈ తోట గురించి చెప్పరా?" అని అరిచారు. పిచ్చుకే బోర్డు చూసి, "గులాబీ తోటండీ" అని చెప్పింది. మైకు పాడైందనుకున్నారు జనం.

మళ్ళీ టవర్ దగ్గర ఆగింది. అందరూ దిగారు. అత్తయ్య లేవలేదు. సంచిలోంచి నీళ్ళ సీసా తీసి నా చేతిలో పెట్టి, "ఆ అబ్బాయి గొంతు ఎండిపోయినట్టుంది. ఇచ్చిరా" అన్నారు.

వెళ్ళాను. ఆయన రెండు చేతులతో అందుకున్నారు. తాగుతున్నంతసేపూ ఎదురుగా నిలబడ్డాను. ఆరేళ్ళ నుంచి అడగాల్సినవి ప్రెస్సులో పుస్తకం ఫారాలు పేర్చినట్టు వరసలో పేర్చి పెట్టుకున్నానురా. ఒక్కటీ పైకి రాలేదు. ఇంటికి రమ్మన్న మాట కూడా రాలేదు. రోడ్డు మీద ఎవర్నో అడిగినట్టు, "మళ్ళీ బండి ఎన్నింటికి?" అన్నాను.

"ఈ రోజుకి ఇదే ఆఖరండీ" అన్నారు.

నన్ను అండీ అన్నారు చంటీ.

సీసా మూత బిగించి తిరిగిచ్చారు. పిచ్చుక ఆయనకి చెయ్యి ఊపుతూ దిగింది. ఆయన చెయ్యి కొంచెం లేచి స్టీరింగు మీదికే వెళ్ళిపోయింది. బండి షెడ్డు వైపు తిరిగింది. మేం మలుపు దాకా చూసి స్టేషనుకి వచ్చేశాం.

నువ్వు చెప్పడం వల్లే ఆయన ఉన్నారు, మంచి పనే చేశావు. ఉన్నా నేను ఏమీ చెయ్యలేకపోయాను. అదే రాత కాబోలు అనడానికి కూడా నోరు రావడం లేదు, నోరుండీ మాట్లాడనిది నేనే గదా. నువ్వు మళ్ళీ అక్కడికి వెళతావో మానతావో నీ ఇష్టం. వెళ్ళమనీ వద్దనీ చెప్పే ధైర్యం నాకు లేదు.

రైల్లో పిచ్చుక నిద్రపోయింది. అత్తయ్య దారి పొడుగునా కిటికీలోంచే చూశారు. ఇంటికొచ్చి తాళం తీశాను. ఆవిడ చెప్పులు విప్పి, మంచం అంచున కూర్చుని, మోకాళ్ళు నొక్కుకున్నారు. మంచినీళ్ళు ఇవ్వనా అని అడిగాను. వద్దన్నట్టు తలూపారు. నాతో అన్నారో తనలో తను అనుకున్నారో,

"చిక్కిపోయాడు" అన్నారు.

తలుపు గొళ్ళెం మీద నా చెయ్యి అలాగే ఉండిపోయింది.

"అవునత్తయ్యా" అన్నాను.

నీ అక్క